ఇన్వర్టర్ ఒక చోట, మీటర్ మరో చోట: ఇంటి సోలార్‌లో దూరపు కేబుల్‌కు సైజు తేల్చుకునే పద్ధతి

ఎండ బాగా కాసే మధ్యాహ్నం పూట, ప్యానెళ్ళ డీసీని ఏసీగా మార్చే సోలార్ ఇన్వర్టర్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. కొన్ని నిమిషాలకు దానంతటదే మళ్ళీ మొదలవుతుంది. స్క్రీన్ మీద గ్రిడ్ ఓవర్ వోల్టేజ్ (విద్యుత్ సంస్థ లైన్ వైపు వోల్టేజ్ ఎక్కువైంది) అని కనిపిస్తుంది. ఉదయం, సాయంత్రం ఏ ఇబ్బందీ ఉండదు. ఇలా జరిగితే చాలామంది ముందు ఇన్వర్టర్‌నే అనుమానిస్తారు. ఇన్వర్టర్‌కూ మీటర్‌కూ మధ్య నలభై యాభై మీటర్ల దూరం ఉన్న ఇళ్ళలో మాత్రం మొదట చూడాల్సింది ఆ రెండింటినీ కలిపే కేబుల్‌ని.

ఆ కేబుల్ మరీ వేడెక్కదు, కాలదు, ఎంసీబీ (కరెంటు మితిమీరితే లైన్‌ను ఆపే స్విచ్) కూడా పడదు. అందుకే దాని మీద ఎవరికీ అనుమానం రాదు. కానీ కేబుల్‌ని రెండు ప్రశ్నలు అడగాలి. ఈ కరెంటుకు వేడెక్కకుండా తట్టుకుంటుందా? ఈ దూరానికి వోల్టేజ్ హద్దులో ఉంటుందా? ఇంట్లో పదీ పదిహేను మీటర్ల వైరింగ్‌కు మొదటి ప్రశ్న చాలు. దూరం పెరిగేకొద్దీ రెండోదే సైజును నిర్ణయిస్తుంది. "ఇన్ని ఆంపియర్లకు ఇంత వైరు" అన్న అలవాటు లెక్క ఇక్కడ పనికిరాకపోవడానికి కారణం ఇదే.

ముందు అర్థం కావాల్సింది: వోల్టేజ్ తగ్గదు, పెరుగుతుంది

మామూలుగా కరెంటు మీటర్ నుంచి మోటారు వైపు వెళ్తుంది కాబట్టి మోటారు దగ్గర వోల్టేజ్ కొంచెం తక్కువగా ఉంటుంది. గ్రిడ్‌కు కలిపిన సోలార్ ఇన్వర్టర్ విషయంలో ఇది తిరగబడుతుంది. కరెంటు ఇన్వర్టర్ నుంచి మీటర్ వైపు వెళ్తుంది. గ్రిడ్ వోల్టేజ్ కంటే కాస్త ఎక్కువ ఉంటేనే ఇన్వర్టర్ కరెంటును అటు నెట్టగలదు. కేబుల్ నిరోధం ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ వోల్టేజ్‌తో నెట్టాలి. మీటర్ దగ్గర ఎంత ఉందో ఇన్వర్టర్‌కు తెలియదు, తన టెర్మినళ్ళ దగ్గర ఉన్నదే అది కొలుస్తుంది.

230 వోల్టుల సరఫరా ఉన్నచోట చాలా ఇన్వర్టర్లకు పై హద్దు 253 వోల్టులు, అంటే పది శాతం ఎక్కువ. దేశాన్ని బట్టి ఈ సెట్టింగ్ మారుతుంది. మధ్యాహ్నం చుట్టుపక్కల సోలార్ ఇళ్ళన్నీ గ్రిడ్‌లోకి పంపిస్తుంటే మీటర్ దగ్గరే 246 ఉండొచ్చు. అప్పుడు కేబుల్‌కు మిగిలిన వాటా 7 వోల్టులే. అది దాటితే ఇన్వర్టర్ గ్రిడ్ నుంచి విడిపోతుంది.

కొన్ని ఇన్వర్టర్లు వెంటనే విడిపోవు, వోల్టేజ్ పెరిగేకొద్దీ ఉత్పత్తిని తగ్గించుకుంటూ వస్తాయి. నా దృష్టిలో ఇది ఇంకా నష్టం. ఎర్రర్ రాదు, లైటు వెలగదు. యాప్‌లో రోజువారీ గ్రాఫ్ కొండలా ఉండాల్సింది మధ్యాహ్నం బల్లపరుపుగా ఉంటుంది, అంతే. నెలల తరబడి ఎవరూ గమనించకపోవచ్చు. ఇన్వర్టర్ సామర్థ్యం కంటే తక్కువ స్థాయిలోనే గ్రాఫ్ అలా చదునుగా ఉంటే వోల్టేజ్ గ్రాఫ్ కూడా తెరిచి చూడండి.

మొదటి అడుగు: దూరం ఎటువైపు పడాలో నిర్ణయించుకోండి

కేబుల్ కొనకముందే ఇన్వర్టర్ స్థలం ఖాయం చేసుకోవాలి. ప్యానెళ్ళు షెడ్డు మీద, మీటర్ ఇంటి ముందు ఉన్నాయనుకోండి. మధ్యలో ఉన్న దూరాన్ని ప్యానెళ్ళకూ ఇన్వర్టర్‌కూ మధ్య డీసీ వైపు పెట్టొచ్చు, లేదా ఇన్వర్టర్‌కూ మీటర్‌కూ మధ్య ఏసీ వైపు పెట్టొచ్చు. బ్యాటరీ ఉంటే దానికీ ఇన్వర్టర్‌కూ మధ్య మూడో దూరం వస్తుంది.

అదే పవర్, అదే కేబుల్ అయితే వోల్టేజ్ రెట్టింపైనప్పుడు కేబుల్‌లో నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. వరుసగా కలిపిన పది ప్యానెళ్ళ స్ట్రింగ్ 400 వోల్టుల పైన పనిచేస్తుంది. సింగిల్ ఫేజు ఏసీ 230. బ్యాటరీ 48. కాబట్టి దూరాన్ని వీలైతే స్ట్రింగ్ వైపు పెట్టాలి, లేకపోతే ఏసీ వైపు. బ్యాటరీ వైపు మాత్రం పెట్టకూడదు. డీసీ వైపు మరో సౌకర్యం ఉంది: అక్కడ రెండు మూడు వోల్టులు పోతే ఆ మేరకు పవర్ పోతుందంతే, ఇన్వర్టర్ ట్రిప్ అవదు.

అయితే పొడవాటి డీసీ లైన్‌కు దాని ప్రమాదం దానికుంది. ఎండ ఉన్నంతసేపూ అందులో వోల్టేజ్ ఉంటుంది, మెయిన్ ఆపినా పోదు. డీసీలో పుట్టిన ఆర్క్ (తీగల మధ్య ఎగిసే నిప్పు) ఏసీలో లాగా సులువుగా ఆరదు. ఆ లైన్ మనుషులు తిరిగే చోట్ల, ఇంటి లోపలి నుంచి వెళ్ళాల్సి వస్తే నేను ఏసీ వైపే ఎంచుకుని లావు కేబుల్ వేయమంటాను.

రెండో అడుగు: మూడు అంకెలు సేకరించండి

దూరం: మ్యాప్ మీద గీసిన గీత పొడవు పనికిరాదు. కేబుల్ నిజంగా వెళ్ళే దారిని టేపుతో కొలవండి. గోడ ఎక్కడం, దిగడం, మూలలు తిరగడం, రెండు చివర్ల బాక్సుల్లో వదిలే మిగులు, అన్నీ కలపాలి. 50 అనుకున్నది 60 అవడం మామూలే.

కరెంటు: కిలోవాట్లను వోల్టులతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. 5 కిలోవాట్లకు 230 దగ్గర 21.7 ఆంపియర్లు. కానీ డేటాషీట్‌లో గరిష్ఠ ఏసీ అవుట్‌పుట్ కరెంటు అని వేరే గడి ఉంటుంది, తరచూ అది ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. ఎంసీబీకీ, వేడి లెక్కకూ దాన్నే తీసుకోవాలి.

వోల్టేజ్: మంచి ఎండ ఉన్న ఆదివారం మధ్యాహ్నం, ఇన్వర్టర్ ఆపి ఉన్నప్పుడు, మీటర్ దగ్గర ఎంత ఉందో ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. ఆఫీసులు, ఫ్యాక్టరీలు మూసి ఉండి వాడకం తక్కువ, సోలార్ ఎక్కువ ఉన్న సమయం కాబట్టి గ్రిడ్ వోల్టేజ్ బాగా పైన ఉండేది అప్పుడే. పాత పద్ధతి మార్గదర్శకాల్లో ఈ కొలత కనిపించదు, కానీ నిజమైన లెక్క దీనితోనే మొదలవుతుంది.

మూడో అడుగు: ఎన్ని వోల్టుల తేడా ఒప్పుకోవాలి

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రమాణం ఇన్వర్టర్ నుంచి సరఫరా అందే చోటు వరకు మొత్తం మీద 2 శాతం పెరుగుదలను హద్దుగా పెట్టింది. మరికొన్ని చోట్ల ఒక్క శాతమే మంచిదంటారు. మీ దగ్గర నియమం ఏదైనా ఉంటే అదే పాటించాలి. లేకపోతే 2 శాతం పెట్టుకోండి. 230 మీద అది 4.6 వోల్టులు. మీటర్ దగ్గర కొలిచిన వోల్టేజ్ ఇప్పటికే 248 దాటి ఉంటే ఒక శాతానికి దిగండి. ఇంటి లోపల బోర్డు నుంచి మీటర్ వరకు ఉన్న పాత మెయిన్ వైరు కూడా ఈ వాటాలోనే తింటుంది. దాన్ని లెక్కలో మర్చిపోవడం చాలా తరచుగా జరుగుతుంది.

నాలుగో అడుగు: లెక్క

రాగి కేబుల్, సింగిల్ ఫేజు, వేడెక్కి 70 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు, ఒక ఆంపియర్‌కు ఒక మీటరు దూరానికి ఎన్ని మిల్లీవోల్టులు పోతాయో కింద ఉంది. పోయే తీగ, వచ్చే తీగ రెండూ ఇందులోనే కలిశాయి కాబట్టి దూరాన్ని మళ్ళీ రెండుతో గుణించకండి.

2.5 చదరపు మిల్లీమీటర్లు: 18
4 చదరపు మిల్లీమీటర్లు: 11
6 చదరపు మిల్లీమీటర్లు: 7.3
10 చదరపు మిల్లీమీటర్లు: 4.4
16 చదరపు మిల్లీమీటర్లు: 2.8
25 చదరపు మిల్లీమీటర్లు: 1.75
35 చదరపు మిల్లీమీటర్లు: 1.25

వోల్టేజ్ తేడా = పై విలువ × ఆంపియర్లు × మీటర్లు ÷ 1000

5 కిలోవాట్లు, 21.7 ఆంపియర్లు, 60 మీటర్లకు వేసి చూద్దాం. 4 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌లో 14.3 వోల్టులు, అంటే 6 శాతం పైనే. 6లో 9.5. 10లో 5.7, ఇది రెండున్నర శాతం. 16లో 3.65, ఒకటిన్నర శాతం చిల్లర. 25కు వెళ్తే 2.3, సరిగ్గా ఒక శాతం.

మీటర్ దగ్గర 246 ఉంటే 4 సైజు కేబుల్‌తో ఇన్వర్టర్ దగ్గర 260 అవుతుంది, హద్దు దాటినట్టే. 6తో 255 దాటుతుంది, అదీ అంతే. 10తో 252 దగ్గర ఊగిసలాడుతుంది, గ్రిడ్ ఇంకో వోల్టు పెరిగితే ట్రిప్. 16తో 250 లోపు నిలబడుతుంది. ఈ ఇంటికి సరైన సైజు 16.

నేరుగా సైజే కావాలంటే సూత్రాన్ని తిప్పి రాసుకోవచ్చు:

సైజు = 2 × మీటర్లు × ఆంపియర్లు × 0.022 ÷ ఒప్పుకున్న వోల్టులు

2 × 60 × 21.7 × 0.022 ÷ 4.6 = 12.45. దొరికే సైజుల్లో దీని పైది 16. ఎప్పుడూ పై సైజుకే వెళ్ళాలి, "దగ్గర్లో ఉంది కదా" అని 10 తీసుకోకూడదు. 0.022 అన్నది వేడెక్కిన రాగికి వాడే విలువ. 20 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన రాగికి ఇది 0.0172 మాత్రమే. ఆ చల్లని విలువతో లెక్క కట్టే ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు కేబుల్‌ను నిజం కంటే మంచిగా చూపిస్తాయి.

యూనిట్ల నష్టం సంగతి కూడా ఇక్కడే చూసేయొచ్చు. పూర్తి ఉత్పత్తి ఉన్నప్పుడు 4 సైజులో సుమారు 310 వాట్లు కేబుల్‌లోనే వేడిగా పోతాయి. 16లో 80 వాట్లు కూడా పోవు. సగం ఉత్పత్తి ఉన్నప్పుడు నష్టం నాలుగో వంతే కాబట్టి ఏడాది మొత్తం మీద పోయేది అంత భయపెట్టేలా ఉండదు. దూరపు కేబుల్‌లో అసలు నష్టం ఇన్వర్టర్ ఆగిపోయిన గంటల్లో జరుగుతుంది.

ఐదో అడుగు: వేడి, ఎంసీబీ

వోల్టేజ్ కోసం లావు కేబుల్ ఎంచుకున్నాక వేడి లెక్క చాలాసార్లు దానంతటదే సరిపోతుంది. అయినా చూడాలి. గోడ మీద కండ్యూట్ పైపులో వెళ్ళే రెండు కోర్ల పీవీసీ రాగి కేబుల్, 30 డిగ్రీల వాతావరణంలో, 4 సైజు అయితే 30 ఆంపియర్లు, 6 అయితే 38, 10 అయితే 52, 16 అయితే 69 మోస్తుంది. చుట్టూ 45 డిగ్రీలు ఉంటే ఆ అంకెలను 0.79తో గుణించాలి. అదే పైపులో రెండో సర్క్యూట్ కూడా ఉంటే మళ్ళీ 0.8తో. పీవీసీ కంటే ఎక్కువ వేడిని తట్టుకునే ఎక్స్‌ఎల్‌పీఈ ఇన్సులేషన్ కేబుల్‌కు తగ్గింపు ఇంతకంటే తక్కువ. సోలార్ పూర్తిగా పనిచేసేదీ, వాతావరణం బాగా వేడిగా ఉండేదీ ఒకే సమయం కావడంతో ఈ తగ్గింపును వదిలేయడానికి వీల్లేదు.

వరుస ఇలా ఉండాలి: ఇన్వర్టర్ గరిష్ఠ కరెంటు కంటే ఎంసీబీ పెద్దది, ఎంసీబీ కంటే కేబుల్ మోసే కరెంటు పెద్దది. గంటల తరబడి ఒకే స్థాయిలో కరెంటు పారుతుంది కాబట్టి ఎంసీబీని సరిగ్గా అంచుకు పెట్టకండి. 22 ఆంపియర్ల ఇన్వర్టర్‌కు 25 పెడితే వేడి బాక్సులో ఊరికే పడిపోతుంటుంది, 32 మేలు. అప్పుడు 45 డిగ్రీల్లో 6 సైజు కేబుల్ 30 ఆంపియర్లే మోస్తుంది కాబట్టి ఆ 32 ఎంసీబీకి అది చాలదు. 10 అయితే 41 మోస్తుంది, సరిపోతుంది.

ఆరో అడుగు: షార్ట్ అయితే ఎంసీబీ నిజంగా పడుతుందా?

దూరపు కేబుల్‌లో దాదాపు ఎవరూ చూడనిది ఇదే, ప్రాణాలకు సంబంధించినదీ ఇదే. అవతలి చివర ఫేజు ఎర్త్‌కు తగిలితే ఎంసీబీ తక్షణం పడేంత కరెంటు పారాలి. బీ రకం 32 ఎంసీబీకి 160 ఆంపియర్లు, సీ రకానికి 320 కావాలి. 60 మీటర్ల 4 సైజు కేబుల్ నిరోధం 0.66 ఓములు, సరఫరా వైపు మరో 0.35 ఉందనుకుంటే మొత్తం ఒకటి దాటుతుంది. పారేది సుమారు 227 ఆంపియర్లు. సీ రకం ఎంసీబీ వెంటనే పడదు, కేబుల్ వేడెక్కాక ఎప్పుడో పడుతుంది. 10 సైజు అయితే 370 పైన పారుతుంది. ఇవి ఎర్త్ తీగ కూడా ఫేజు అంత లావు ఉంటే వచ్చే అంకెలు. సన్నటి ఎర్త్ వేస్తే ఇంకా తగ్గుతాయి.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఒక్కటే ఇంటిని నడిపే బ్యాకప్ లైన్లలో పరిస్థితి ఇంకా భిన్నం. షార్ట్ అయినా ఇన్వర్టర్ తన రేటింగ్‌కు కాస్త పైవరకే కరెంటు ఇవ్వగలదు, తర్వాత ఆగిపోతుంది. ఎంసీబీ మీద ఆధారపడలేం. ఆ లైన్‌కు ఆర్‌సీసీబీ (ఎర్త్‌లోకి కరెంటు లీకైతే లైన్ ఆపే స్విచ్), అది పనిచేసేలా న్యూట్రల్, ఎర్త్ కలిపే ఏర్పాటు తప్పనిసరిగా ఎలక్ట్రీషియన్‌తో సరిచూపించుకోండి.

త్రీ ఫేజు ఉంటే

ఇంటికి త్రీ ఫేజు సరఫరా ఉంటే దూరపు సమస్యకు అంతకంటే మంచి మందు లేదు. అదే 5 కిలోవాట్లు మూడు ఫేజుల్లోకి పంచితే ఒక్కో దానిలో 7.25 ఆంపియర్లే. సమానంగా ఉన్నప్పుడు న్యూట్రల్‌లో కరెంటు పారదు కాబట్టి వచ్చే తీగలో పోయే వోల్టులు కూడా మిగులుతాయి. మొత్తం మీద వోల్టేజ్ తేడా ఆరో వంతుకు పడిపోతుంది. 60 మీటర్లకు 4 సైజుతో ఇందాక 14.3 వోల్టులు పెరిగింది, త్రీ ఫేజు ఇన్వర్టర్‌తో 2.4 పెరుగుతుంది.

ప్యానెళ్ళ వైపు దూరం ఉంటే

పది ప్యానెళ్ళ స్ట్రింగ్, 410 వోల్టులు, 13 ఆంపియర్లు, 40 మీటర్ల దూరం. 4 సైజు సోలార్ కేబుల్‌లో సుమారు 6.3 వోల్టులు పోతాయి, ఒకటిన్నర శాతం. 6 సైజులో ఒక శాతం. ఇంత దూరానికి 6 వేస్తే సరిపోతుంది, అంతకంటే లావు వేయడం వల్ల పెద్దగా కలిసొచ్చేది లేదు. ఎండకు, వానకు తట్టుకునే, 1500 వోల్టుల డీసీ రేటింగ్ ఉన్న సోలార్ కేబులే వాడాలి. ఇంటి వైరింగ్ వైరు పైకప్పు మీద కొన్నేళ్ళకే పగుళ్ళు తీస్తుంది. ప్లస్, మైనస్ తీగలను పక్కపక్కనే నడపండి. మధ్యలో ఖాళీ వదిలితే దగ్గర్లో పిడుగు పడినప్పుడు ఆ ఖాళీలో పుట్టే వోల్టేజ్ పెద్దదవుతుంది. దూరం పది మీటర్లు దాటితే, అలా ఉన్నట్టుండి ఎగిసే వోల్టేజ్ నుంచి కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ రెండు చివర్లా పెట్టడం మంచిది.

బ్యాటరీ వైపు

ఇక్కడ ఒకటే మాట, దగ్గర. 48 వోల్టుల బ్యాటరీ నుంచి 5 కిలోవాట్లు లాగితే 110 ఆంపియర్ల పైన పారుతుంది. 35 సైజు కేబుల్ ఒకటిన్నర మీటరు ఉంటే పోయేది 0.2 వోల్టు. అదే పది మీటర్లు ఉంటే 1.4 వోల్టులు, దాదాపు 3 శాతం. మోటారు స్టార్ట్ అయిన క్షణంలో కరెంటు రెట్టింపైతే, సగం ఛార్జ్ ఉన్న బ్యాటరీని కూడా ఇన్వర్టర్ ఖాళీ అయిందనుకుని ఆపేస్తుంది. తయారీదారు చెప్పిన సైజు, చెప్పిన పొడవు దాటకండి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి.

బ్యాకప్ లైన్ చివర మోటారు ఉంటే

ఇక్కడ మళ్ళీ వోల్టేజ్ తగ్గే లెక్క. ఒక హార్స్‌పవర్ పంపు నడిచేటప్పుడు సుమారు 7 ఆంపియర్లు తీసుకుంటుంది, స్టార్టింగ్‌లో దానికి ఐదారు రెట్లు. 80 మీటర్ల దూరంలో 2.5 సైజు కేబుల్ మీద నడిచేటప్పుడు 10 వోల్టులు తగ్గుతుంది, అది ఫర్వాలేదనిపిస్తుంది. స్టార్టింగ్‌లో 35 ఆంపియర్ల దగ్గర 50 వోల్టులు పోతాయి. మోటారు తిప్పే బలం వోల్టేజ్ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఆ క్షణంలో మిగిలేది 60 శాతం బలమే. మోటారు మూలుగుతూ తిరగకుండా ఉండిపోతుంది, ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ చూపిస్తుంది. 6 సైజుకు వెళ్తే స్టార్టింగ్‌లో 20 వోల్టులు, 10కి వెళ్తే 12. మోటారున్న లైన్‌కు స్టార్టింగ్ కరెంటుతోనే సైజు తేల్చాలి.

అల్యూమినియం, జాయింట్లు

అల్యూమినియం కేబుల్‌కు సూత్రంలో 0.022 బదులు 0.037 వేయండి. మన ఉదాహరణకు 21 వస్తుంది, అంటే 25 సైజు. దూరపు లైన్లకు అది చక్కగా పనికొస్తుంది, చివర్లు సరిగ్గా చేస్తే. రాగి టెర్మినల్‌లో అల్యూమినియం తీగను నేరుగా బిగించకూడదు. బైమెటల్ లగ్గులు (ఒక వైపు అల్యూమినియం, మరో వైపు రాగి ఉండే కొసలు), ఆక్సైడ్ పట్టకుండా పూసే పేస్టు కావాలి.

చాలా ఇన్వర్టర్ల టెర్మినళ్ళలో 16 సైజు పట్టదు. పట్టించడానికి కొన్ని పోగులు కత్తిరించేవాళ్ళు ఉన్నారు, అది అస్సలు చేయనివ్వకండి. ఆ చోట వేడెక్కి టెర్మినల్ కరిగిపోతుంది. ఇన్వర్టర్ పక్కనే ఐసొలేటర్ (లైన్‌ను పూర్తిగా విడదీసే స్విచ్) బాక్సు పెట్టి, అక్కడి వరకు 16 తెచ్చి, అక్కడి నుంచి ఇన్వర్టర్‌కు ఒక మీటరు 6 సైజు ముక్క వేస్తే చాలు. ఆ ముక్క మీద పోయేది 0.16 వోల్టు. బాక్సులో దానికి తగిన ఎంసీబీ ఉండాలి.

కొన్న కేబుల్ నిజంగా ఆ సైజేనా అన్నది చూసుకోవడానికి తూకం ఒక దారి. ఇన్సులేషన్ తీసిన 10 సైజు రాగి కోర్ ఒక మీటరు 89 గ్రాముల దగ్గర తూగాలి. 60 గ్రాములే తూగితే ఆ లెక్కలన్నీ వృథా. తీగ చివర కత్తిరించిన చోట లోపల తెల్లగా కనిపిస్తే అది పైన రాగి పూసిన అల్యూమినియం, తిరిగి ఇచ్చేయండి.

వేశాక సరిచూసుకోవడం

పూర్తి ఎండలో, ఇన్వర్టర్ గరిష్ఠ ఉత్పత్తి దగ్గర ఉన్నప్పుడు, ఒకే మల్టీమీటర్‌తో ముందు ఇన్వర్టర్ టెర్మినళ్ళ దగ్గర, వెంటనే మీటర్ వైపు చివర వోల్టేజ్ కొలిపించండి. ఇన్వర్టర్ స్క్రీన్ అంకెను నమ్ముకోవద్దు, అది ఒకటి రెండు వోల్టులు అటూ ఇటూ చూపిస్తుంది. మన ఉదాహరణలో 16 సైజు కేబుల్‌కు తేడా 3 నుంచి 3.7 వోల్టుల మధ్య రావాలి. 6 వస్తే ఎక్కడో జాయింట్ వదులుగా ఉంది, లేదా కేబుల్ చెప్పిన సైజు కాదు. లైన్ ఆపి ప్రతి టెర్మినల్‌నూ తయారీదారు చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించి మళ్ళీ కొలవాలి. తేడా సరిగ్గానే ఉండి, ఇన్వర్టర్ ఆపినా మీటర్ దగ్గర 250 పైనే చూపిస్తుంటే కేబుల్‌ను ఇంకా లావు చేసి ప్రయోజనం లేదు. ఆ అంకెలు తేదీ, సమయంతో రాసి విద్యుత్ సంస్థకు ఇచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (దాని అవుట్‌పుట్ వోల్టేజ్‌ను మార్చే అమరిక) సరిచేయమని అడగాలి.